కుంకుమ కింద గీత

ముందే ఒప్పేసుకుంటున్నాను: నాకు లిఫ్టంటే భయం. నాలుగంతస్తులైనా మెట్లెక్కి, అదంతా ఆరోగ్యం కోసమే అన్నట్టు మొహం పెట్టే మనిషిని. ఆ ఆదివారం మధ్యాహ్నం విజయవాడ ఎండ ముందు ఆ నటన సాగలేదు. ఒక గుండె ఆసుపత్రిలో చిన్న లిఫ్టెక్కాను. రెండో అంతస్తు దాటాక ఆగిపోయింది. లోపల నేనూ, ఒక పెద్దావిడా. బయట, పై సందులోంచి, సెక్యూరిటీ చౌడయ్య గొంతు. చీకట్లో వినబడినవే రాస్తున్నాను. మీరెక్కడెక్కడ ఇరుక్కున్నారో తర్వాత చెబుదురు గానీ, ముందిది వినండి.

“...అరవకండి మామ్మగారూ, అరిస్తే ఉన్న గాలి కాస్తా అయిపోతుంది.”

“మామ్మగారెవరే? నాకింకా మనవలే లేరు.”

“సారీ. పిన్నిగారూ.”

“ఆఁ, అలా పిలువు. గాలి నిజంగా అయిపోద్దా?”

“అవదు. ఊరికే అన్నా. పైన సందుంది.”

“మరి నువ్వెందుకలా బుసకొడుతున్నావ్?”

“బుస కాదండీ, బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్. యాప్‌లో నేర్చుకున్నా.”

“ఊపిరి పీల్చడానిక్కూడా యాప్పా?”

“మాకు అన్నిటికీ యాప్పే. చౌడయ్య గారూ! ఉన్నారా?”

“ఉన్నా మేడం, ఉన్నా. కరెంటు పోయింది, జనరేటరొచ్చింది. లిఫ్టుల మెయిన్ మాత్రం ట్రిప్పయింది. పెద్దదీ, మీరున్న చిన్నదీ, రెండూ ఆగిపోయినయ్. పైన ఐసీసీయూకి ఏం ఢోకా లేదు.”

“మరి మెయిన్ వెయ్యండి!”

“నేను ముట్టుకోకూడదు. మా ఎలక్ట్రీషియన్ కిరీటి వెయ్యాలి. భోజనానికెళ్లాడు. బీసెంట్ రోడ్డులో ఉన్నాడంట.”

“బీసెంట్ రోడ్డులో భోజనమేంటండీ?”

“భోజనం అయిపోయింది మేడం. షర్టు చూస్తున్నాడంట. వచ్చేస్తాడు. అమ్మా, పెద్దమ్మగారూ, మీరు ముందా తలుపు మీద చేతులు తియ్యండి. వేళ్లు కనబడుతున్నయ్ నాకు.”

“తీస్తే పడిపోతామేమో నాయనా.”

“మీరు పట్టుకున్నారని ఆగిందనుకున్నారా? చేతులుండగా మెయిన్ వేస్తే, లిఫ్టు కుదిపిందంటే వేళ్లు నలిగిపోతయ్. పోయినేడు ఒకాయనకి అట్లాగే అయింది. అప్పట్నించీ ఇక్కడ రూలు. లోపలున్నోళ్లు ‘చేతులు తీశాం’ అని నోటితో చెప్తేనే మెయిన్ వేసేది.”

“తీశాను బాబూ. ఇదిగో, తీశాను.”

“ఇప్పుడు కాదమ్మా, కిరీటి వచ్చాక చెప్పాలి. నేను మళ్లీ ఫోన్ చేసొస్తా. ఇక్కడ సిగ్నల్ రాదు.”

“వెళ్లిపోయాడా?”

“వస్తాడు.”

“అమ్మాయ్, ఫోన్‌లో లైటు వెయ్యవే. నాకు చీకటంటే చిన్నప్పట్నించీ పడదు.”

“ఛార్జింగ్ అడుక్కొచ్చేసిందండీ. కాసేపు ఆర్పి ఉంచుదాం, అవసరమొస్తే వేస్తా.”

“అయితే మాట్లాడు. మాట్లాడుతుంటే చీకటి తెలీదు. పేరేంటి?”

“ధనశ్రీ.”

“ఇక్కడ మీవాళ్లెవరన్నా ఉన్నారా?”

“లేరు. పని మీదొచ్చా. మీకు?”

“మా ఆయన. బసవపున్నయ్య. మాది పెడన. మగ్గం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి వాలిపోయాడు. ఒకటే చెమటలు. గ్యాసనుకుని సోడా పట్టా.”

“సోడా పట్టారా!”

“నువ్వయితే ఏం పట్టేదానివి? అందరూ అదే పడతారు. ఆ సోడా కక్కేశాకే అంబులెన్స్ పిలిచాం. నిన్న స్టెంటు వేశారు.”

“ఇప్పుడెలా ఉన్నారు?”

“గట్టెక్కాడు తల్లీ! యంత్రం చెప్పేసింది.”

“ఏ యంత్రం?”

“పలకలా ఉంటది. ఈసీజీ కాగితం ఫోటో తీసి చూపిస్తే, స్టెంటు వేసిన మనిషి నిలబడతాడో లేదో చెప్పేస్తదంట. పచ్చ వస్తే భయం లేదు. పసుపైతే చూడాలి. ఎరుపైతే... ఆ ఊసెందుకులే. మా ఆయనకి పచ్చొచ్చింది.”

“మంచిదండీ.”

“మంచిదండీ అని అంత నీరసంగా అంటావేంటి?”

“ఉక్కగా ఉంది, అందుకని.”

“నువ్వేం పని చేస్తావ్?”

“కంప్యూటర్.”

“ఇప్పుడు అందరిదీ కంప్యూటరే. అందులో ఏంటి?”

“బొమ్మలు శుభ్రం చేసే పని.”

“బొమ్మలు కడగడానికి బీటెక్ చదివావా?”

“మా నాన్నా ఇదే అడుగుతాడు. పిన్నిగారూ, ఆ పచ్చ ఎప్పుడొచ్చింది?”

“ఇందాకే. పొద్దున ఆ పలక పనిచెయ్యలేదు.”

“అవును, హ్యాంగయింది.”

“నీకెలా తెలుసు?”

“ఊరికే, అలాంటివి హ్యాంగవుతుంటాయి.”

“అమ్మాయ్.”

“...ఆ పలకలో యాప్ మాదేనండీ. నేనూ ఇంకో నలుగురూ కలిసి చేశాం. ఈ ఆసుపత్రిలో వాడి చూస్తున్నారు. పొద్దున ఫోన్ చేస్తే ఇంట్లోంచే సరిచేశా. ఎందుకైనా మంచిది, ఓసారి చూసిపోదామని వచ్చా.”

“నువ్వా! ఏదీ, ఆ చెయ్యిలా ఇవ్వు.”

“ఎందుకు?”

“కళ్లకద్దుకుంటా.”

“వద్దొద్దు, ప్లీజ్. అదేం దేవుడు కాదండీ. వేలమంది ఈసీజీలు చూపించి, వీళ్లు బతికారు, వీళ్లు పోయారు అని నేర్పించాం. కొత్తది చూపిస్తే పాతవాటితో పోల్చి చెప్తుంది. అంతే.”

“మా పెడనలో చెయ్యి చూసేవాడూ అంతే. ఎన్ని చేతులు చూసుంటాడో. వాడు చెప్పేదీ ఇలాగే ఉంటది, పచ్చో ఎరుపో.”

“వాడితో పోల్చకండి, మా బాస్ బాధపడతాడు.”

“పచ్చొచ్చింది గదా, ఇంక ఐసీసీయూ అక్కర్లేదు, కింద వార్డులోకి మార్చేస్తాం అంది జెస్సికా సిస్టర్. ఆ మంచం ఇంకెవరికో కావాలంట. ఆ వైర్లన్నీ పీకేస్తారు. కాస్త మంచి చీర కట్టుకుని ఎదురొద్దామని కిందికి దిగా. మార్చుకుని ఎక్కితే ఇదిగో, ఇది.”

“డాక్టరు ఈసీజీ చూశారుగా? ఏమన్నారు?”

“పొద్దునున్న డాక్టరమ్మ చూసింది. ఆవిడ మాత్రం మొహం ముడుచుకుంది. పెన్నుతో చూపించింది నాకు. ఇదిగో ఈ గూనుల్లా లేచినయ్యే, స్టెంటు వేశాక ఇవి దిగాలి, దిగలేదు. పలక బాగయ్యాక అందులో కూడా చూసి పెద్ద డాక్టరుగారికి చెప్దాం అంది. అనేసి డ్యూటీ దిగిపోయింది.”

“గూనులు దిగలేదందా?”

“అప్పుడు. తర్వాత దిగుంటయ్. పచ్చొచ్చిందిగా.”

“ఇంకో ఈసీజీ తీశారా మరి?”

“లేదే. అదే కాగితం.”

“అదే కాగితమా?”

“అదే. ఫైల్లో పెట్టుకోమని నాకిచ్చారు. పలక బాగయ్యాక సిస్టర్ తీసుకుని, హడావిడిగా ఫోటో కొట్టి, మళ్లీ నాకిచ్చేసింది. సంచీలోనే ఉంది.”

“ఒకసారి ఇలా ఇవ్వండి. లైటేస్తా.”

“ఇందాక నేనడిగితే ఛార్జింగ్ లేదన్నావ్.”

“ఇప్పుడు అవసరమొచ్చింది.”

“ఉండు. ఇదిగో. జాగ్రత్త, బొట్టు రాలిపోద్ది.”

“ఏ బొట్టు?”

“అమ్మవారి కుంకుమ. మా తోడికోడలు రామతులసి కొండెక్కి తెచ్చింది.”

“అయ్యో.”

“అయ్యో ఏంటి? కొత్త చీరకి పెడతాం, కొత్త బండికి పెడతాం. మనిషి గుండె రాసిన కాగితం, దానికి పెట్టకపోతే ఎలా?”

“మూలకి పెట్టొచ్చుగా! ఇవన్నీ సరిగ్గా గీత మీదే ఉన్నాయి. ఇక్కడ, ఇక్కడ, ఈ వరసంతా.”

“మూలకెందుకు పెడతా? నొప్పి ఒకచోటుంటే మందు ఇంకోచోట రాస్తారా? డాక్టరమ్మ చూపించిన ప్రతి గూను మీదా పెట్టా. అంటుకునేట్టు వేలు తడిచేసి మరీ. తల్లీ ఈ గూను దించు, ఈ గూను కూడా దించు అనుకుంటా. దించింది!”

“దించింది అమ్మవారు కాదండీ. నేను.”

“ఏంటీ?”

“లైటు ఆర్పేస్తున్నా. వినండి. ఈసీజీ కాగితం మీద ఎర్రగళ్లుంటాయి కదా.”

“ఉంటయ్. గళ్లలుంగీలా.”

“యాప్‌కి ఆ గళ్లు అడ్డం. దానికి నల్లగీత ఒక్కటే కావాలి. అందుకని ఎర్రగా ఏది కనబడినా తుడిచెయ్యమని రాశాం. రాశాం కాదు, రాశా. బొమ్మలు శుభ్రం చెయ్యడం అన్నానే, అదే. ఎరుపుతో పాటు గీత కూడా పోతే, తెగిన రెండు కొసలూ కలిపి సాఫీగా గీసెయ్యమని కూడా నేనే రాశా.”

“తెగిన పోగు అతికినట్టు.”

“అదే. అతుకు కనబడకుండా.”

“అది మంచి పనితనమే గదా.”

“చీరకి మంచిదే! ఇక్కడ గూనులు పోయి గీత చదునైపోయింది. అలాంటి గీతున్నవాళ్లు బతికారని దానికి నేర్పించాం. పచ్చ ఇచ్చేసింది.”

“అంటే?”

“అంటే... ఆ పచ్చ మీ ఆయనది కాదు.”

“మరెవరిది?”

“ఎవరిదీ కాదు. అలాంటి గుండె ఉన్న మనిషే లేడు.”

“చీకట్లో ఏం మాటలే అవి? కాగితమన్నాక మరకలు పడవా? అవన్నీ చూసుకోరా మీరు?”

“చూశాం. కాఫీ, టీ, నూనె మరకలు, పెన్ను గీతలు, పిల్లాడు నమిలి ఉమ్మిన కాగితం కూడా. కుంకుమే తట్టలేదు. దసరాకి మా అమ్మ నా ల్యాప్‌టాప్‌కి బొట్టు పెడితే, పాడైపోద్దని పోట్లాడి తుడిచినదాన్ని. అయినా తట్టలేదు.”

“అయితే ఆయనకి ఎరుపా?”

“తెలీదు. నిజంగా తెలీదు. పసుపు కావచ్చు, ఎరుపు కావచ్చు. కానీ గూనులు దిగకపోతే మాత్రం వైర్లు పీకకూడదు. గుండె లయ తప్పితే ఆ వైర్లుంటేనే తెలుస్తుంది. షాకిచ్చే మిషన్ పక్కనే ఉంటుందక్కడ. వార్డులో ఎవరో ఒకరు చూసి, కేకేసి, పరిగెత్తాలి.”

“లయ తప్పితే ఎంతసేపుంటది టైము?”

“పిన్నిగారూ...”

“చెప్పవే.”

“నిమిషాలు.”

“చౌడయ్యా! బాబూ చౌడయ్యా! తలుపు తీ! తలుపు తీ నాయనా!”

“అమ్మా, అమ్మా! మళ్లీ చేతులు పెట్టారు. తియ్యండి. కిరీటి బయల్దేరాడు, షర్టు కూడా కొనలేదు పాపం.”

“కిరీటి సంగతి తర్వాత. చౌడయ్య గారూ, మీరు ఐసీసీయూకెళ్లి జెస్సికా సిస్టర్‌కి చెప్పండి. బసవపున్నయ్య గారిని కదపొద్దని. ఆ పచ్చ తప్పని. యాప్ చేసిన ధనశ్రీయే చెప్పిందని.”

“నేను చెప్తే వింటారా మేడం? నేనక్కడ చెప్పులు విప్పించే మనిషిని.”

“అయితే డాక్టరుకి ఫోన్ చెయ్యండి.”

“పెద్ద డాక్టరుగారూ, డ్యూటీ డాక్టరూ ఇద్దరూ కింద క్యాత్ ల్యాబ్‌లో ఉన్నారు. ఉయ్యూరు నుంచి ఎవర్నో తెచ్చారు, స్టెంటు వేస్తున్నారు. ఫోన్లు బయటపెట్టి వెళ్తారు.”

“మా ఆఫీసుకి... ఛ, ఆదివారం.”

“కాగితం పంపిద్దాం.”

“ఏంటి పిన్నిగారూ?”

“నోటిమాట వినకపోతే కాగితం చూస్తారుగా. ఆ సందులోంచి పంపిద్దాం.”

“చూసినా బొట్లే కనబడతాయి. గూనులు వాటి కిందున్నాయి. ముందు వాటిని...”

“వాటిని?”

“ఏం లేదు.”

“నాకర్థమైందిలే. ఆయన పేరు మీద పెట్టిన బొట్టు నన్ను తుడవమంటున్నావ్.”

“నేను తుడుస్తా. మీరు అటు తిరగండి.”

“ఈ చీకట్లో ఎటు తిరిగితే ఏంటి? అయినా నీకలవాటే గదా. ఎర్రగా ఏది కనబడినా తుడిచేస్తావ్.”

“తిట్టండి. మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి, బయటికెళ్లాక పక్కన కూర్చుని మొత్తం వింటా. ఇప్పుడు మాత్రం...”

“లైటెయ్యి.”

“నేను...”

“లైటెయ్యమన్నా. పెట్టిన చెయ్యే తియ్యాలి. దుర్గమ్మా, ఇది నీ బొట్టు కాదనుకో తల్లీ. నా బొట్టూ కాదనుకో. ఉత్త మరక. కాగితం మీద మరక. వస్తోందా?”

“రుద్దకండి. రుద్దితే ఆ వేడికే ఆ కాగితం నల్లబడిపోతుంది. కొంగుతో అద్దండి, మెల్లగా.”

“అద్దుతున్నా. నేతచీర కొంగు, పీల్చేస్తది. కొత్త చీర కట్టుకున్నందుకు దీనికి పనికొచ్చింది. ఇదిగో. చూడు.”

“ఆఁ.”

“కనబడుతున్నయ్యా?”

“కనబడుతున్నాయి.”

“దిగినయ్యా?”

“చౌడయ్య గారికిచ్చేద్దామండీ.”

“దిగినయ్యా అనడిగా.”

“దిగలేదు పిన్నిగారూ.”

“సరే. పట్టు చౌడయ్యా. పైకెత్తుతున్నా, అందుతోందా? పట్టుకున్నావా? పట్టుకున్నాననే దాకా నేను వదలను.”

“పట్టుకున్నానమ్మా. వదలండి.”

“ముందు సిస్టర్‌కి చూపించండి. వినకపోతే క్యాత్ ల్యాబ్‌కి వెళ్లండి. స్టెంటు వేశాక కూడా ఇవి దిగలేదు, పచ్చ తప్పు, పేషెంటుని కదపొద్దు. ఈ మూడు మాటలే.”

“దిగలేదు, పచ్చ తప్పు, కదపొద్దు. పోతున్నా.”

“వెళ్లాడా?”

“వెళ్లాడు. పరిగెడుతున్నాడు, వినబడుతోంది.”

“లైటార్పేశావే?”

“ఆర్పలేదు. ఫోన్ చచ్చిపోయింది.”

“ఆ మాటనకు.”

“ఆగిపోయింది.”

“అదీ అనకు.”

“ఛార్జింగ్ అయిపోయింది.”

“ఆఁ. అలా అను.”

“...పిన్నిగారూ, ఏడుస్తున్నారా?”

“లేదు. నువ్వు?”

“బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్.”

“ఆ పలకతో నీ గుండె చూసుకున్నావా ఎప్పుడైనా?”

“టెస్టింగ్‌కి మా అందరి గుండెలూ వాడాం. నాది పచ్చే. అందుకే నమ్మేశా దాన్ని.”

“ఆయనకి చెప్పా తెలుసా, పచ్చొచ్చిందని. ఏమన్నాడో తెలుసా?”

“ఏమన్నారు?”

“అయితే ఇంక ఈ పడుగు విప్పించవే అన్నాడు. ఆ వైర్లని. నిన్న మెలకువొచ్చి, వొళ్లంతా అవి చూసుకుని, ‘ఏమే రావమ్మా, ఇన్నాళ్లూ నేను మగ్గం నేశా, ఇప్పుడు నన్నే మగ్గానికి బిగించారే’ అన్నాడు. నవ్వితే మానిటర్ కుయ్యిమంది. సిస్టర్ ఇద్దర్నీ తిట్టింది.”

“మీ పేరు రావమ్మా?”

“వెంకటరావమ్మ. ఇంతసేపు పక్కనుండి ఇప్పుడడుగుతున్నావ్.”

“అంతా పిన్నిగారితోనే సరిపోయింది.”

“గుంట మగ్గం మాది. ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని బతుకంతా కూర్చున్నాడు. ఎప్పుడన్నా విసుగొస్తే, ఈ గుంటలోంచి బయటపడేది ఎప్పుడే అనేవాడు. నేనేమో, బయటపడి ఎక్కడికి పోతావయ్యా అనేదాన్ని. ఇప్పుడు చూడు. ఆయనక్కడ బిగుసుకున్నాడు, నేనిక్కడ. అరిచినా వినబడదు.”

“ఒకటే అంతస్తు.”

“ఒకటే అంతస్తు. అదే నాకు ఊపిరాడనివ్వట్లేదు.”

“అమ్మా! మేడం! వచ్చా.”

“చూశారా డాక్టరుగారు?”

“ఒక్క నిమిషం, రొప్పొస్తోంది. క్యాత్ ల్యాబ్ దగ్గర టెక్నీషియన్‌కిచ్చా మేడం. మధ్యలో లోపలికి పంపకూడదంట. కేసయి పెద్ద డాక్టరుగారు బయటికి రాగానే మొదట ఇదే చూపిస్తానని ఒట్టేశాడు. ఇంకో పావుగంటో, అరగంటో.”

“సిస్టరేమంది?”

“కంగారు పడింది. కానీ పచ్చొచ్చింది, డ్యూటీ డాక్టరు అది చూసి, క్యాత్ ల్యాబ్‌కెళ్లే ముందే మార్చమని సంతకం పెట్టాడు, డాక్టర్లు ఆపమంటేనే ఆపుతా అంటోంది. ఆ ఉయ్యూరాయనకి మంచం కావాలని ఒకటే ఫోన్లంట కింద నుంచి. స్ట్రెచర్ తెచ్చి మంచం పక్కనే పెట్టేశారు.”

“వైర్లు? వైర్లు పీకేశారా?”

“ఇంకా లేదమ్మా. స్ట్రెచర్ దిగాలంటే పెద్ద లిఫ్టు రావాలిగా. అది వచ్చాకే పీకుతాం, అందాకా ఉండనీ అంది సిస్టర్.”

“అంటే పెద్ద లిఫ్టు రానంతసేపూ...”

“ఇంక దానికి బెంగలేదు మేడం. కిరీటి వచ్చేశాడు. ప్యానెల్ దగ్గరే ఉన్నాడు, వినబడుతోందా? మెయిన్ వేస్తే పెద్ద లిఫ్టు వెంటనే లేస్తుంది.”

“మాది?”

“మీది ఒక కుదుపు కుదుపుతుంది గానీ కదలదు. బ్రేకు పట్టేసిందంట. ఆటోనగర్ నుంచి మెకానిక్ రావాలి. లైటూ ఫ్యానూ మాత్రం వచ్చేస్తయ్. పెద్దమ్మగారికి చీకటి బాధ తీరిపోద్ది.”

“కిరీటిని ఆగమనండి చౌడయ్య గారూ. డాక్టరు చూసేదాకా.”

“నా మాట మీద ఆగడు మేడం. కింద నుంచి వాణ్ని వాయించేస్తున్నారు, ఇప్పటికే షర్టు గొడవలో తిట్లు తిన్నాడు. రూలొక్కటే పాటిస్తాడు. అదే అడగమంటున్నాడు. చేతులు తీశారా?”

“పిన్నిగారూ...”

“ఒక్కమాట నోటితో చెప్పండి, వేసేస్తాడు. అమ్మా! పెద్దమ్మగారూ! చేతులు తీశారా?”

“లేదు నాయనా. ఇదిగో, ఇప్పుడే మళ్లీ పెట్టా. ఆ కాగితం పెద్ద డాక్టరుగారు చూశాడని నువ్వొచ్చి చెప్పిందాకా తియ్యను. ధనశ్రీ, నీవి కూడా పెట్టు.”